ఇనాం రిజిస్టర్లలో మా పెద్దల పేర్లున్నాయి, చూడనివ్వండి

భూపరిపాలన ప్రధాన కమిషనర్ గారికి, రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ సంచాలకుల వారికి, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారాలు.

పాత గుంటూరు జిల్లా గ్రామాల ఇనాం రికార్డుల (పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో ఇచ్చిన మాన్యం భూముల లెక్కల) సాయంతో తమ వంశవృక్షాన్ని కట్టుకోవాలని ప్రయత్నిస్తున్న కుటుంబాలలో మాదీ ఒకటి. మేము పెట్టుకున్న దరఖాస్తులకు సూటి జవాబు రాలేదు. అడిగిన ప్రతి కార్యాలయమూ మరో కార్యాలయాన్ని చూపించింది. అందుకే ఈ విషయాన్ని అందరి ముందూ మీకు విన్నవించవలసి వస్తున్నది. మేము ఏ సెంటు భూమి మీదా హక్కు కోరడం లేదు. ఆ రిజిస్టర్లలో రాసివున్న మా వాళ్ల పేర్లను, వారి తండ్రుల పేర్లను, వయసులను, బంధుత్వాలను చూసుకుని, నకలు రాయించుకునే అవకాశం మాత్రమే కోరుతున్నాము.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తరువాతి దశాబ్దంలో ఊరూరా మాన్యాలను విచారించిన సంగతి మీకు తెలిసినదే. ఆ విచారణ ఫలితమే నేడు రెవెన్యూ కార్యాలయాలలో ఐ.ఎఫ్.ఆర్. అని పిలుస్తున్న ఇనాం ఫెయిర్ రిజిస్టరు. ఏ ఊళ్లో ఏ మాన్యం ఎంత ఉంది, ఎవరు ఇచ్చారు, మొదట ఎవరికి ఇచ్చారు, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది, వారి వయసెంత, మొదటి గ్రహీతకు వారేమవుతారు, వారి వారసులెవరు అన్న వివరాలన్నీ అందులో వరుసగా నమోదయ్యాయి. ప్రభుత్వం పన్ను తేల్చుకోవడానికి రాయించిన పుస్తకమే అయినా, ఆ గడులను అడ్డంగా చదువుకుంటూ వెళితే అది మూడు, నాలుగు తరాల వంశావళి. పాత రెవెన్యూ లెక్కలలో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందన్న లెక్క తెలిసిన మామూలు చదువరి కూడా దానిని అర్థం చేసుకోగలడు.

భూదాన పత్రాల ద్వారా పూర్వీకులను గుర్తించే మార్గం ఈ నేలకు కొత్త కాదు. వేంగి చాళుక్యుల నుంచి కొండవీటి రెడ్డి రాజుల వరకు ఇచ్చిన అగ్రహారాల రాగిరేకులలో దానం పుచ్చుకున్న వారి గోత్రం, సూత్రం, శాఖ, తండ్రి పేరు, తాత పేరు చెక్కి ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు సేకరించిన గ్రామ కైఫియత్తులలో, అంటే ఊళ్ల చరిత్రలలో, ఏ ప్రభువు ఏ గుడికి, ఏ కుటుంబానికి మాన్యమిచ్చాడో, ఊరి కరణాల మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే భాగాలు ఎన్నో ఉన్నాయి. వాటిని పండితులు చదివారు, అచ్చువేశారు, పరిష్కరించారు. ఆ కుటుంబాల వారికి తమ చరిత్ర ఎంతో కొంత చేతికి అందింది. అందుకు సంతోషమే.

అయితే చాకలి మాన్యం, మంగలి మాన్యం, కమ్మరి మాన్యం, తలారి మాన్యం, వెట్టి మాన్యం అనుభవించిన వారికి రాగిరేకులు ఎవరూ చెక్కించలేదు. మా కుటుంబం గ్రామ వెట్టి సేవ చేసినది. కచేరీ కబురు మోయడం, దండోరా వేయడం, కళ్లం దగ్గర కావలి కాయడం, దారి చూపడం మా పెద్దల పని, అందుకు ప్రతిఫలం కొద్దిపాటి మెరక నేల. మా తాతగారు లూథరన్ సంఘంలో బాప్తిస్మం పొందారు. గుంటూరుకు 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చిన నాటి నుంచి ఇక్కడ పెరిగిన ఆ సంఘాలు తమ రిజిస్టర్లను జాగ్రత్తగానే రాసుకున్నాయి. వాటిలో తాతగారి కొత్త పేరు, ఆయన తండ్రి పాత పేరు దొరికాయి. అంతకు వెనుక చర్చి పుస్తకం మౌనంగా ఉంది. జనన మరణాల నమోదు దేశమంతటా తప్పనిసరి అయినది 1969 చట్టంతోనే. పాత జనాభా లెక్కల పుస్తకాలలో కులాల వారీ సంఖ్యలున్నాయే తప్ప మనుషుల పేర్లు లేవు. కాశీలోనో గయలోనో యాత్రికుల వంశాల వివరాలు రాసి ఉంచే పండాల దగ్గర మా తాతముత్తాతల సంతకాలు ఉండే అవకాశమే లేదు. కాబట్టి 1860ల నాటి మా ముత్తాత తండ్రి పేరు ఈ లోకంలో ఎక్కడైనా కాగితం మీద ఉండి ఉంటే, అది ఇనాం రిజిస్టరులో వెట్టి ఇనాం ఎదురుగా ఉన్న గడిలోనే ఉండాలి.

ఆ కాలానికి గుంటూరు సీమలో ఒక ప్రత్యేకత కూడా ఉంది. 1832, 33లలో వచ్చిన కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చివేసింది, లక్షకు పైగా జనం చనిపోయారు, మిగిలినవారిలో ఎందరో ఊళ్లు వదిలి చెదిరిపోయారు. ఇనాం విచారణ ఆ తరువాత ముప్పయి ఏళ్లలోపే మొదలయింది. రిజిస్టరులో నలభై, యాభై ఏళ్ల వయసున్నట్టు రాసిన ప్రతి ఇనాందారు ఆ కరువును బతికి దాటినవాడే. ఈ ప్రాంతపు పేద కుటుంబాలలో ఎవరు మిగిలారు, ఎవరి మాన్యం ఎవరి చేతికి పోయింది అన్నది తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు తెలిసినంతలో మరొకటి లేదు.

ఇక మాకు ఎదురైన ఇబ్బందిని క్లుప్తంగా చెబుతాను. మా పూర్వీకుల ఊరు ఉన్న మండలంలోని రెవెన్యూ కార్యాలయంలో నకలు కోసం దరఖాస్తు పెడితే, ఆ సర్వే నంబరులో మీకు ఇప్పుడు హక్కు ఉందా, లేకపోతే మీకెందుకు అని అడిగారు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే రికార్డు తమ వద్ద అందుబాటులో లేదని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఎక్కడ ఉందో చెప్పలేదు, ఎప్పుడు ఎవరికి అప్పగించారో చెప్పలేదు. పై కార్యాలయానికి వెళితే మళ్లీ మండలానికే పొమ్మన్నారు. అక్కడ పనిచేసే సిబ్బందిని నేను తప్పుపట్టడం లేదు. పట్టాదారు పాసుపుస్తకాలు, సర్వే ఫిర్యాదులు, ఎన్నికల పనుల మధ్య నూట అరవై ఏళ్ల నాటి పుస్తకం వెతికి పెట్టమంటే వారికి భారమే. కానీ ఆ భారాన్ని తగ్గించే ఏర్పాటు చేయవలసినది పై స్థాయిలోని మీరే.

ఈ పరిస్థితి వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టాన్ని వరుసగా మీ దృష్టికి తెస్తున్నాను.

1. ఏ జిల్లాను అడగాలో ఎవరికీ తెలియదు. గుంటూరు జిల్లాను 1859లో రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపారు. తిరిగి 1904 అక్టోబరు 1న విడదీశారు. అంటే ఇనాం విచారణ జరిగిన కాలమంతా నేటి గుంటూరు, పల్నాడు గ్రామాలు కాగితాల మీద కృష్ణా జిల్లావే. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరులో, అక్కడి నుంచి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గుంటూరులో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా మూడు జిల్లాలయింది. బాపట్ల పక్కన ఒక ఊరి మాన్యం గురించి తెలుసుకోదలచినవారు కృష్ణా జిల్లా కేంద్రమైన మచిలీపట్నం, గుంటూరు, బాపట్ల మూడింటినీ తట్టాలి. ఆ పైన మద్రాసు కాలపు కాగితాల కోసం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌నూ, ఉమ్మడి రాష్ట్రపు కాగితాల కోసం హైదరాబాద్ తార్నాకనూ అడగాలి. రోజు కూలి పోగొట్టుకుని ఒక కార్యాలయానికి వచ్చిన మనిషి ఇన్ని ఊళ్లు తిరగగలడా?

2. రిజిస్టర్లు గ్రామం వారీగా, టైటిల్ డీడ్ (ఇనాం హక్కు పత్రం) నంబరు వారీగా ఉన్నాయి. పేర్ల వారీ సూచిక లేదు. మన ప్రాంతంలో ఇంటిపేరు చాలాసార్లు ఊరిపేరే. తాడేపల్లి, నూతక్కి, చేబ్రోలు, వేమూరు, కాజ, ఇవన్నీ ఊళ్లే, ఇంటిపేర్లుగా కూడా వాడుకలో ఉన్నాయి. కానీ ఒక ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచిందంటే ఆ కుటుంబం ఆ ఊరు విడిచి మరో ఊరు చేరిందనే ఎక్కువసార్లు అర్థం. అందువల్ల ఇంటిపేరును బట్టి ఊరి రిజిస్టరు తెరిస్తే వారు కనిపించరు. సేవా ఇనాముల కుటుంబాలకు చిక్కు మరింత పెద్దది. రాసినవారు వారి ఇంటిపేర్లు రాయలేదు, కులం పేరు ముందు తగిలించి, వెంకడు, కోటడు అని వదిలేశారు. ఊరు, సేవ, మాన్యం విస్తీర్ణం, సరిహద్దులు, తరువాత భూమి శిస్తు నిర్ణయించినప్పుడు రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరు ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ వెంకడు ఎవరి ముత్తాతో తేలదు. ఒక్క పేజీ నకలు ఇచ్చి పంపితే ఆ పని జరగదు. పుస్తకాలు కూర్చుని చదువుకోనివ్వాలి.

3. ఆనవాళ్లు నేల మీద కూడా చెరిగిపోతున్నాయి. రాజధాని అమరావతి కోసం 2015 నుంచి తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల గ్రామాలలో దాదాపు 34 వేల ఎకరాలు భూసమీకరణ కిందికి వచ్చాయి. మందడం, వెలగపూడి, నేలపాడు, శాఖమూరు వంటి ఊళ్లలో పాత గట్లు పోయి ప్లాట్లు వచ్చాయి. అది సరైన నిర్ణయమా కాదా అన్న చర్చ ఈ లేఖకు సంబంధించినది కాదు. ఏ ఊళ్లోనైనా చాకలి మాన్యం, కంసాలి మాన్యం, వెట్టి చేను అని పిలిచే చెక్కలు ఉంటాయి. ఆ పేర్లు పాత సర్వే నంబర్లతో ముడిపడినవి, నంబరు పోతే పేరూ పోతుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చిన గ్రామాలలోనూ ఇదే జరుగుతున్నది. పాత నంబరుకూ కొత్త నంబరుకూ మధ్య లంకెను ప్రజలకు కనిపించేలా నిలపకపోతే, 1860ల రిజిస్టరు చేతికి వచ్చినా అందులోని నేల ఏదో మా పిల్లలు చూపించలేరు.

4. కాగితం పాడైపోతున్నది. చెద, తేమ, వరద, నిప్పు వీటిలో ఏ ఒక్కటి చాలు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పెద్ద భాగం మునిగింది. ఒకే ఒక్క ప్రతి ఉన్న పుస్తకాన్ని ఒకే ఒక్క గదిలో ఉంచడం ఎంత ప్రమాదమో ఇంతకన్నా విడమరచి చెప్పనక్కరలేదు.

5. ఊళ్లలో మిగిలిన మరో ఆధారం పాత కరణాల ఇళ్లలోని కవిలెకట్టలు, దండకవిలెలు, చిట్టాలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు. 1984 జనవరిలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ప్రభుత్వానికి అప్పగించారు, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. వాటిని చదవగలిగిన చివరి తరం వృద్ధాప్యంలో ఉంది.

దరఖాస్తులకు అభ్యంతరంగా సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఇలాంటి నకళ్లు ఇస్తే భూముల మీద కొత్త తగాదాలు పుడతాయన్నది. ఇనాం భూములు ఎందరి మెడకో చుట్టుకున్న మాట నిజమే, రిజిస్ట్రేషన్లు చేయరాని భూముల నిషేధిత జాబితాలో చిక్కుకున్న రైతుల బాధ నాకు తెలుసు. కానీ ఆంధ్ర ప్రాంతంలో ఇనాంలను రద్దుచేసి రైత్వారీగా (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతిలోకి) మార్చిన 1956 నాటి 37వ చట్టం కింద ఏ భూమి ఎవరిదో తేల్చే పద్ధతి వేరుగా ఉంది. వంశ చరిత్ర కోసం ఇచ్చే నకలు మీద, ఇది హక్కు పత్రం కాదు అన్న ముద్ర వేసి ఇస్తే సరిపోతుంది. రికార్డు దాచిపెట్టడం వల్ల తగాదాలు తగ్గిన దాఖలా నేను చూడలేదు. పైగా ఎవరికో ఒకరికి లోపాయికారీగా అందే కాగితం అందరికీ అందుబాటులో ఉంటే దాని వెల పడిపోతుంది.

రెండవ అభ్యంతరం, వంశం, వారసత్వం అంటూ పాత హక్కులు మళ్లీ తవ్వుతారన్నది. 1895 నాటి గ్రామోద్యోగాల చట్టం ఊరి ఉద్యోగాలలో వంశపారంపర్య వారసత్వానికి చట్టబద్ధత కల్పించింది. గుంటూరు జిల్లాకే చెందిన ఒక గ్రామ మునసబు (గ్రామాధికారి) ఉద్యోగ వివాదంలో, గాజుల దశరథరామారావు కేసుగా న్యాయవాదులకు తెలిసిన తీర్పులో, పుట్టుకను బట్టి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఆ తీర్పును మేము మనస్ఫూర్తిగా గౌరవిస్తాము. వెట్టి సేవ చేసిన వంశంలో పుట్టిన మాకు ఆ పాత ఏర్పాటు తిరిగి రావాలని ఎందుకుంటుంది? ఆ ఏర్పాటు కింద మా పెద్దలు ఎలా బతికారో, వారి పేర్లేమిటో మా పిల్లలకు తెలియాలని మాత్రం ఉంది.

చట్టం కూడా మా వైపే ఉంది. రికార్డులను క్రమంగా పట్టికవేసి, సూచికతో సహా నిర్వహించాలని సమాచార హక్కు చట్టం 4(1)(ఎ) చెబుతున్నది. అడిగిన సమాచారం మరో కార్యాలయంలో ఉంటే దరఖాస్తును అయిదు రోజులలో అక్కడికి బదిలీ చేయవలసిన బాధ్యత 6(3) కింద ఆ కార్యాలయానిదే, పౌరుణ్ణి తిప్పి పంపడానికి వీలులేదు. ఇరవై ఏళ్లు దాటిన విషయాల సమాచారాన్ని దేశభద్రత వంటి కొద్ది మినహాయింపులు తప్ప ఇచ్చి తీరాలని 8(3) చెబుతున్నది. 1860ల నాటి ఒక గ్రామ సేవకుడి పేరు ఆ మినహాయింపులలో దేని కిందికీ రాదు.

కాబట్టి ఈ క్రింది చర్యలను కాలపరిమితితో చేపట్టవలసిందిగా కోరుతున్నాము.

1. ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, సెటిల్‌మెంటు రిజిస్టర్లు, డైగ్లాట్ పుస్తకాలు (రెండు భాషలలో రాసిన భూమి రిజిస్టర్లు), 1956 చట్టం కింద జరిగిన ఇనాం విచారణల ఫైళ్లు ఏ గ్రామానివి ఏ కార్యాలయంలో, ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే ఒక పట్టికను పాత తాలూకాల క్రమంలో ప్రకటించాలి. లేనివాటిని లేవనే రాయాలి. మిగతా కోర్కెలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక ఆరు నెలలలో ఇది ఒక్కటి పూర్తిచేసినా సగం తిరుగుడు తప్పుతుంది.

2. ఈ పుస్తకాలను ఎక్కడికీ తరలించకముందే స్కాన్ చేయించాలి. పెళుసుబారిన పేజీలను ప్లాస్టిక్ ల్యామినేషన్ చేయించవద్దు. కాపాడుతున్నామనుకుని చేసే ఆ పని వల్ల కాగితం మరింత త్వరగా పాడవుతుంది, తరువాత విడదీయడం కూడా కష్టం. ప్రతి స్కాన్‌కు వేర్వేరు ఊళ్లలో రెండు ప్రతులు ఉండాలి.

3. భూమి మీద ప్రస్తుత హక్కు చూపించమని అడగకుండా, వంశ పరిశోధన కోసం నకలు కోరేవారికి నిర్ణీత రుసుముతో నకలు ఇచ్చేలా ఒక ఉత్తర్వు జారీచేయాలి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి ఆ రుసుము మినహాయించాలి. నకలు నిరాకరిస్తే కారణం తెలుగులో రాసి ఇవ్వాలి.

4. గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి చదువుకునే గదులు ఏర్పాటుచేసి, అక్కడ ఈ స్కాన్‌లన్నీ కంప్యూటర్ మీద చూసుకునే వీలు కల్పించాలి.

5. పేర్ల సూచిక తయారీని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు చరిత్ర విద్యార్థులకు అప్పగించవచ్చు. పాత తెలుగు అంకెలు, వీసం, పరక వంటి భిన్నాలు, పుట్టి, కుచ్చెల వంటి కొలతలు చదవగలిగిన మాజీ కరణాలను, రిటైరయిన సర్వేయర్లను గౌరవ వేతనంతో పిలిపించి ఆ పిల్లలకు నేర్పించాలి. సూచికలో సేవా ఇనాములను ముందు పూర్తిచేయాలని మా ప్రత్యేక మనవి, ఎందుకంటే అగ్రహారాల, దేవాలయాల మాన్యాలకు మరో ఆధారమైనా ఉంది. భర్త మరణించాక మాన్యం తమ పేరున నమోదైన వితంతువులను, సేవా ఇనాములున్న దేవదాసీ కుటుంబాల స్త్రీలను వారి సొంత పేర్లతోనే సూచికలో చేర్చాలి. ఫలానావాడి భార్య అని రాసి ముగించవద్దు.

6. పాత సర్వే నంబరు, రీసెటిల్‌మెంటు నంబరు, ఇప్పటి ఎల్.పి.ఎం. నంబరు ఒకే వరుసలో చూపే పట్టికను ప్రతి గ్రామ సచివాలయంలోనూ ఉంచాలి. రాజధాని గ్రామాలకు భూసమీకరణకు ముందరి గ్రామ పటాలను కూడా ఇందులో చేర్చాలి.

7. కరణాల కుటుంబాల వద్ద ఉన్న కవిలెకట్టలను స్వాధీనం చేసుకుంటామన్న భయం కలిగించకుండా, స్కాన్ చేసి వాటిని వారికే తిరిగి ఇస్తామని లిఖితపూర్వకంగా హామీ ఇచ్చి సేకరించాలి.

8. చెన్నై, హైదరాబాద్‌లలో ఉన్న మన జిల్లాల ఇనాం పత్రాల స్కాన్ ప్రతుల కోసం ఆ రెండు ప్రభుత్వాలకు రాష్ట్ర ప్రభుత్వమే లేఖ రాయాలి. ఒక్కొక్క కుటుంబం విడివిడిగా రైలెక్కి వెళ్లి అడిగే పని కాదిది.

ఇందులో స్వచ్ఛందంగా చేయగలిగినదంతా చేయడానికి మావంటి కుటుంబాలు సిద్ధంగా ఉన్నాయి. మా చర్చి రిజిస్టర్ల నుంచి రాసుకున్న పేర్ల పట్టికలను, పెద్దలు చెప్పిన మాన్యాల పేర్లను, సరిహద్దులను మీ సూచికతో సరిపోల్చడానికి ఉచితంగా ఇస్తాము. పట్టిక ఎప్పటికి వెలువడుతుందో, ఆ పనికి ఏ అధికారి బాధ్యులో తెలియజేస్తూ ముప్పయి రోజులలోగా పత్రికా ప్రకటన ద్వారా జవాబివ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
వెట్టి మాన్యం కుటుంబానికి చెందిన ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
గుంటూరు.